ముక్కున్నవాళ్ల మిడిసిపాటు

మనిషికి పరువంతా ముక్కులోనే ఉంటుంది. అవమానం జరిగితే ముక్కు కోసినట్టయిందంటాడు. ఆ ముక్కు వెనకాల నడిచే కార్ఖానా లెక్కలు ఒకసారి తనిఖీ చేద్దాం. లోపలికెళ్లే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, బయటికొచ్చే గాలిలో 16. నాలుగో వంతు వాడుకుని మిగతాది వాపసు! పైగా రాకపోకలకు ఒకటే గుమ్మం. పీల్చిన 500 మిల్లీలీటర్లలో దాదాపు 150 గొట్టాల్లోనే ఆగి, అసలు పని జరిగే గాలిగదుల గడప తొక్కకుండానే తిరుగుముఖం పడతాయి.

చేప ఇంత దుబారా చేస్తే ఆ పూటే చస్తుంది. లీటరు గాలిలో ఆక్సిజన్ 210 మిల్లీలీటర్లుంటే, 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు ఆరున్నర లోపే. ఈ కరువులోంచే అది 80 శాతం దాకా పిండుకోగలదు. కిటుకల్లా మొప్పరేకుల్లో రక్తం నీటికి ఎదురు నడవడమే. ఖాళీ చేతులతో వచ్చిన రక్తానికి వాడేసిన నీరు, సగం సంపాదించుకున్న రక్తానికి తాజా నీరు తగులుతాయి. ఎక్కడ చూసినా నీటి దగ్గరే కాస్త ఎక్కువుంటుంది గనక ఇచ్చిపుచ్చుకోవడం ఆగదు. రెండూ ఒకే దిక్కుకు పోతే సగం దగ్గరే బేరం తెగిపోయేది. ఒడ్డున పడేస్తే చుట్టూ అంత ఆక్సిజన్ ఉండి కూడా చేప చచ్చేది అందుకే: రేకులు తడిసిన పుస్తకం కాగితాల్లా అంటుకుపోతాయి.

తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఆకలనుకుని మేత చల్లే దయామయులున్నారు. రాత్రంతా నాచు కూడా ఊపిరి పీల్చి ఆక్సిజన్ అడుగంటించింది; కుళ్లే మేత మిగిలింది కూడా ఊడ్చేస్తుంది. ఆపాల్సింది మేత, తిప్పాల్సింది నీటిలో గాలి కలిపే యంత్రం, ఏరేటర్.

ఇక పురుగులు దళారీ వ్యవస్థనే రద్దు చేశాయి. ఆక్సిజన్ మోసే పని దాదాపుగా రక్తానికి లేదు. వాయునాళాలు చీలి చీలి కణం గుమ్మం దాకా గాలిని చేరుస్తాయి. బొద్దింకకు ఈ నాళాల తలుపులు రొమ్ము దగ్గర రెండు జతలు, పొట్టకు ఎనిమిది. ముక్కేం ఖర్మ, తల కోసినా రోజుల తరబడి బతుకుతుంది. ఊపిరాడకుండా చేయాలంటే మూయాల్సినవి ఇరవై. సబ్బునీళ్లు చల్లండి, ఒంటి మైనం మీంచి మామూలు నీళ్లలా జారిపోకుండా ఆ కన్నాల్లోకి దిగుతాయి.