రెండు ముక్కల ఇనప కవచానికి ఒక టైలరమ్మ ఉత్తరం

స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు
రోహిణి కార్తె

అమ్మే, ఇనప గొలుసుల రవికా,

క్షేమమా అని అడగలేను. నిన్ను తొడుక్కున్న పిల్ల క్షేమంగా ఉండే దారే లేదు గదా.

నువ్వు నాకు తగిలింది మొన్న ఆదివారం. పెళ్ళిళ్ళ సీజను, మిషను ముందు నుంచి లేచే తీరిక లేదు. మా మేనల్లుడు బెంగుళూరు నుంచి ముగ్గురు స్నేహితుల్ని వెంటేసుకొచ్చి మేడ మీద తలుపేసుకున్నాడు. వాళ్ళలో ఒకమ్మాయి కూడా ఉంది. పాచికలు దొర్లే చప్పుడు, "చచ్చాడ్రా" అని కేకలు. జూదమేమోనని చేతిలో చీపురుతోనే పైకి పొయ్యా. డబ్బుల్లేవు. గళ్ళ కాగితం, ఇరవై ముఖాల పాచిక, వేలెడంత లేని బొమ్మలు ఉన్నాయి.

"డంజన్స్ అండ్ డ్రాగన్స్ అత్తా. కథ చెప్పుకుంటా ఆడతాం" అన్నాడు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు బయటికి తెచ్చారంట. ఒకరు కథ నడుపుతా ఉంటే మిగిలినోళ్ళు తలా ఒక వేషం కడతారు. వేషమంటే నాకు కొత్తేమీ కాదు. మా నాయన వీధి నాటకాలోళ్ళకు దుస్తులు కుట్టేవాడు. అప్పట్లో ఆడవేషాలూ మగాళ్ళే కట్టేవాళ్ళు. వాళ్ళకు నిన్ను చూపించుంటే ఆ పూట నాటకం ఎగ్గొట్టి ఇంటికి పోయేవాళ్ళు.

బొమ్మలు చేతిలోకి తీసుకున్నా. 28 మిల్లీమీటర్ల కొలతంట, ఇంచీ కంటే కాస్త ఎక్కువ. ఒకడు గుర్రపు వీరుడు. మెడ నుంచి మడమ దాకా ఉక్కే, కళ్ళకు మాత్రం సన్నని చీలిక. పక్కనే అదే ఉద్యోగం చేసే పిల్ల. ఆ పిల్ల ఒంటి మీద నువ్వు. పైన రెండు చిప్పలు, కింద ఒక మూకుడు, వాటిని కలిపే నాలుగు గొలుసులు. ఆమె వివరాల కాగితం చదివించుకున్నా. "ప్లేట్ ఆర్మర్, 65 పౌన్లు" అని ఉంది. దాదాపు 30 కిలోలు! బొమ్మ మీద చూస్తే తులం ఇనుము కూడా లేదు. బిల్లులో ఫుల్ హ్యాండ్స్ అని రాసి స్లీవ్‌లెస్ చేతిలో పెడితే నా దుకాణం ముందు గొడవ అవుద్ది. మీ ఊళ్ళో అడిగే దిక్కు లేనట్టుంది.

నిన్ను ఎవరి కొలతల మీద కుట్టారమ్మే? ముప్ఫై ఏళ్ళుగా టేపు మెళ్ళో వేసుకొని తిరిగేదాన్ని. నా దగ్గరకొచ్చే ఆడపిల్లలు వీపు మొత్తం ఖాళీ పెట్టి రెండు డోరీలతో సరిపెట్టమంటారు. సరే అని కుట్టిస్తా, కుచ్చులు నేనే ఎక్కువ పెడతా. ఎందుకంటే అడిగింది తొడుక్కునే పిల్ల. కొలత ఇచ్చిందీ ఆ పిల్లే. నిన్ను చూస్తే తొడుక్కునే మనిషి ట్రయల్‌కి వచ్చిన గుర్తే కనపడదు. కొనేవాడి కంటికి కొలత తీసి, ఆమె ఒంటికి తగిలించారు.

పోనీ ఊరైనా చూసుకోవద్దా? రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఈ ఎండలో పెన్న ఇసకలో నిలబడితే ఆ చిప్పల మీద ఆమ్లెట్టు వేసుకోవచ్చు. పొద్దు గూకితే నెల్లూరు దోమ. డ్రాగన్ నిప్పు ఊదేలోపు మా దోమలు ఆ పిల్లను సగం ఖాళీ చేస్తాయి.

నీకో అక్క ఉంది. నిండా ఉక్కే, కానీ ఛాతీ మీద రెండు గిన్నెలు బోర్లించినట్టు ఎత్తు చేశారు. రవికకు డార్టు వేసేది గుడ్డ ఒంటికి అతకాలని. కవచం పని కత్తిని పక్కకు జార్చడం. మీ అక్క మీద పడిన కత్తి రెండు గిన్నెల మధ్య లోయలోకి, నేరుగా గుండె మీదకే జారుద్ది. ఆ డిజైను శత్రువు వేసిచ్చాడేమో కనుక్కో.

"అంత చిన్న బొమ్మలో ఆడో మగో తెలియాలంటే కాస్త ఎక్కువ చెయ్యాలి అత్తా" అన్నాడు మావాడు. దసరా కొలువులో బొటనవేలంత బొమ్మలు పెట్టా నేను. కొప్పు ఒకటి, కొంగు ఒకటి, తెలిసిపోయేది.

ఇంకో కుర్రాడు గుళ్ళో శిల్పాలు చూపించి నా నోరు మూయించాలని చూశాడు. బాబూ, గోపురం మీద ఆడామగా ఇద్దరికీ నగలే ఎక్కువ, గుడ్డ తక్కువ. ద్వారపాలకుడికీ చొక్కా ఉండదు. ఇక్కడ ఒకే యుద్ధానికి పోతూ ఒకరికి తాను మొత్తం, ఒకరికి కత్తిరింపు ముక్కలు. గోచీ కట్టిన మగ బొమ్మా ఉంది, కాదనను. దాన్ని చూస్తే పారిపోవాలనిపిస్తుంది. నిన్ను తొడిగిన పిల్ల మాత్రం ముందూ వెనకా ఒకేసారి కనపడేలా నడుం మెలితిప్పి నిలబడింది. ఎముకల డాక్టరు చూస్తే ఆపరేషనుకు తేదీ ఇస్తాడు.

గుడ్డ సంగతి సరే, బలాన్నీ కత్తిరించారంట. 1978 నాటి ఆటగాళ్ళ పుస్తకంలో మానవ వీరుడి బలం, మగాడైతే, 18/00 దాకా, అంటే 18 మీద ఇంకా నూటికి నూరు దాకా పోవచ్చు. ఆడ వీరురాలికి 18/50 దగ్గర ఆపేశారు. టేపును సగానికి కత్తిరించి, ఇంతకంటే పొడుగు నీకు లేదు పో అన్నట్టు. 1989లో రెండో ఎడిషన్ వచ్చాక ఆ తేడా తీసేశారు. 2014 పుస్తకంలో మానవుల గురించి చెప్పే చోట ఒక నల్లజాతి వీరనారి బొమ్మ ఉంది. మావాడు ఫోనులో చూపించాడు. ఒంటి నిండా బట్ట, నిటారుగా నిలబడింది. పాత్ర ఆడో మగో రెండు అరల్లోనే ఇమడక్కర్లేదనీ అదే పుస్తకం చెప్తుందంట. అయినా అచ్చులు పాతవి ఉన్నంతకాలం నువ్వు పోత పోసుకుంటానే ఉంటావు, సీసం పోయి ప్లాస్టిక్ వచ్చినా.

మావైపేదో నీతిమంతులమని కాదులే. యుద్ధంలో వెన్ను చూపి ఇంటికొచ్చిన ఖడ్గతిక్కనకు స్నానానికి పసుపు ముద్ద పెట్టి మంచం అడ్డం పెట్టిందంట భార్య. పారిపోయినోణ్ణి తిట్టాలంటే ఆడదానివని తిట్టడం ఈ నెల్లూరులోనూ పాతదే. కాకపోతే ఆ ఖడ్గం మళ్ళీ రణానికి కదిలింది భార్యా తల్లీ అన్న మాటలకే. ఆ ఇద్దరి బలం 18లో ఎంత వేస్తారో.

దూబగుంట నీకు తెలియదు. ఇదే జిల్లా. సారాకు వ్యతిరేకంగా రోసమ్మతో కలిసి కదిలిన ఆడోళ్ళ ఊరది. అందుకే మావాడి చేత ఎమ్‌సీల్ తెప్పించి, ఆ బొమ్మకు సూదిమొనతో చీర చెక్కా. కుచ్చిళ్ళు పైకి దోపి, కొంగు నడుముకు బిగించి. బొమ్మ ముందుకు తూలుతుంటే పాత రూపాయి బిళ్ళ అడుగున అంటించా, గడిలో సరిగ్గా కూర్చుంది. కత్తి విరిచేసి చీపురు పెట్టా.

"చీపురుకు పుస్తకంలో డ్యామేజీ లేదత్తా" అన్నాడు.

"1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా బందయింది. దానికెంతో లెక్కేసి రాసుకో" అన్నా.

నిన్ను గీకి తీయలేదులే. చీర కింద లైనింగుగా ఉన్నావు.

ఇట్లు,
టైలరమ్మ

తా.క.: ఆ అమ్మాయి నిన్న ఇంకో బొమ్మ తెచ్చింది. తన మంత్రగత్తెకు వీపు లేని కవచమే కావాలంట, డోరీలతో. కొలతలు రాసుకున్నా. బుధవారం ఇస్తానన్నా.