‘తనను తాను తిట్టుకున్నవాడే పైకొస్తాడు’ అనే సందేశానికి జవాబు

బెంగళూరులో చదువుకుంటున్న తెలుగు పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. మారతహళ్ళి గ్రూపులో చదివి యలహంక గ్రూపులోకి వెళితే అక్కడా అదే, కింద వరసగా దండాల బొమ్మలు. నేను ఇక్కడ ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. కొందరు విద్యార్థులకు మెంటర్‌ని కూడా. వాళ్ళలో చాలామంది అనంతపురం, కర్నూలు, నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్ళే. నేను మానసిక వైద్యుణ్ణి కాను. కానీ ఈ సందేశం పట్టుకుని తల్లిదండ్రులు నా గదికి వస్తున్నారు కాబట్టి జవాబు రాయక తప్పడం లేదు.

సందేశంలో ఉన్నది ఇది: కాలేజీ కౌన్సెలర్లు పిల్లలకు ‘స్వీయ కరుణ’ అనే కొత్త పాఠం చెబుతున్నారు, పరీక్ష తప్పినా నిన్ను నువ్వు క్షమించుకో అంటున్నారు, ఇది బద్ధకానికి లైసెన్సు. తనను తాను తిట్టుకున్నవాడే పైకొస్తాడు. మనం బెత్తం దెబ్బలు తిని ఇంజనీర్లం కాలేదా? నిజంగా డిప్రెషన్ ఉంటే డాక్టరు మాత్ర ఇస్తాడు, లేకపోతే అది ఒళ్ళు వంగకపోవడమే, మధ్యలో ఇంకేమీ లేదు. ఇదంతా అమెరికా సరుకు. మా బంధువుల అబ్బాయి ఆ క్లాసుకు వెళ్ళి ఇంకా ఎక్కువ ఏడ్చాడు. పైగా కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళినట్టు రికార్డులో పడితే ప్లేస్‌మెంట్ పోతుంది.

‘ఇది బద్ధకానికి లైసెన్సు.’

టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టిన్ నెఫ్ 2003లో ఈ స్వీయ కరుణ భావనకు ఒక రూపం ఇచ్చి, దాన్ని కొలవడానికి 26 ప్రశ్నల పట్టిక తయారు చేశారు. ఆమె చెప్పినదాంట్లో మూడు భాగాలున్నాయి. దెబ్బ తగిలినప్పుడు తనతో తాను కఠినంగా కాక దయగా ఉండడం, ఇలాంటి ఓటమి నా ఒక్కడికే కాదు, మనిషన్నవాడికి ఎవరికైనా వస్తుందని గుర్తించడం, బాధను దాచకుండా, దాన్ని భూతద్దంలో పెట్టకుండా ఉన్నది ఉన్నట్టు చూడడం. ఈ మూడింటిలో ‘చదవకపోయినా ఫరవాలేదు’ అన్న మాట ఎక్కడుందో నాకు కనిపించలేదు. మూడోది అసలు దానికి విరుద్ధం. ఉన్నది ఉన్నట్టు చూడాలంటే సిలబస్‌లో సగం ముట్టుకోలేదన్న సంగతి కూడా చూడాల్సిందే.

మరి అలా తన మీద తాను దయ చూపుకున్న పిల్లలు నిజంగా చదువు మానేస్తారా? ఊహించాల్సిన అవసరం లేదు, పరీక్షించి చూశారు. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకదానిలో విద్యార్థులకు కష్టమైన పదజాల పరీక్ష పెట్టారు. తర్వాత కొందరికి, ఇది చాలామందికి కష్టంగానే ఉంటుంది, మిమ్మల్ని మీరు మరీ నిందించుకోకండి అని చెప్పారు. ఇంకొందరికి మీరు తెలివైనవారే అని ధైర్యం చెప్పారు. మిగిలినవారికి ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత రెండో పరీక్షకు ఎంతసేపు చదువుకుంటారో వాళ్ళ ఇష్టానికే వదిలేశారు. అందరికంటే ఎక్కువసేపు చదివింది మొదటి గుంపు. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం విద్యార్థులపై చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవారు తర్వాతి పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. లైసెన్సు ఇచ్చింది ఎవరికో మరి!

‘తనను తాను తిట్టుకున్నవాడే పైకొస్తాడు.’

దీని దగ్గర కొంచెం ఆగాలి. సందేశమంతా ఈ ఒక్క మాట మీదే నిలబడింది.

మా దగ్గర ఏం జరుగుతుందో చెబుతాను. మా విశ్వవిద్యాలయం నిబంధన ప్రకారం 85 శాతం హాజరు ఉండాలి. మొదటి ఇంటర్నల్‌లో ఒక అబ్బాయికి యాభైకి తొమ్మిది వస్తాయి. ఆ రోజు రాత్రి ముగ్గురు ఉండే పీజీ హాస్టల్ గదిలో గోడవైపు తిరిగి పడుకుని తనను తాను తిట్టుకుంటాడు. మీ సందేశం ప్రకారం మర్నాడు పొద్దున్నే లేచి పుస్తకం తీయాలి. తీయడు. ఆ పేపర్లు దిద్దిన మాస్టారి క్లాసుకు వెళ్ళాలంటే ముఖం చెల్లదు. ఆ క్లాసు ఎగ్గొడతాడు. ఒకటి ఎగ్గొట్టాక రెండోదానికి వెళ్ళడం ఇంకా కష్టం, ఇన్నాళ్ళూ ఎక్కడున్నావని అడుగుతారు కదా. హాజరు 85 కంటే కిందికి జారుతుంది. ఇంటికి ఎస్సెమ్మెస్ వెళుతుంది. నాన్న ఫోను చేస్తే ఎత్తడు. పీజీలో భోజనానికి కూడా అందరూ తిన్నాక దిగుతాడు, ఎవరూ పలకరించకూడదని. చివరికి ఆ సబ్జెక్టు పరీక్షకు కూర్చోనివ్వరు. మొదట పోయినవి నలభై ఒక్క మార్కులే, చివరికి పోయింది ఆ సబ్జెక్టు మొత్తం.

ఈ వరసలో బద్ధకం ఎక్కడుంది? ఆ అబ్బాయి రాత్రంతా మేలుకునే ఉన్నాడు. వాడి సమయాన్నీ ఓపికనూ తినేసింది ఆ తిట్టే. బ్రిటన్‌లో కరుణ కేంద్రిత చికిత్సను రూపొందించిన పాల్ గిల్బర్ట్ దీన్ని మూడు వ్యవస్థలతో వివరిస్తారు: ప్రమాదాన్ని పసిగట్టేది ఒకటి, కావాల్సినదాని వెంట పరుగెత్తించేది ఒకటి, శాంతపరిచేది ఒకటి. తిట్టు బయటినుంచి వచ్చినా లోపలినుంచి వచ్చినా మొదటి వ్యవస్థే మేలుకుంటుంది. గుండె దడదడలాడుతుంది, కాళ్ళు పారిపొమ్మంటాయి. ఆ స్థితిలో ఎవరూ ఫోరియర్ సిరీస్ నేర్చుకోలేరు.

కౌన్సెలింగులో ఒక చిన్న అభ్యాసం ఉంది. నెఫ్, క్రిస్టఫర్ గెర్మర్ కలిసి తయారుచేసిన ఎనిమిది వారాల కార్యక్రమంలో ఇది మొదట్లోనే వస్తుంది. కాగితం మధ్యలో గీత గీయాలి. ఇదే కష్టం నీ స్నేహితుడికి వస్తే ఏమంటావో ఒకవైపు, నీకు వచ్చినప్పుడు నీతో ఏమనుకున్నావో రెండోవైపు రాయాలి. మా విద్యార్థి ఒకడు, ఎవరో గుర్తుపట్టకుండా చెబుతున్నాను, ఆ కాగితం నాకు చూపించాడు. ఎడమవైపు: ‘మ్యాథ్స్ చాలామందికి పోయిందిరా, మళ్ళీ రాద్దాం. ముందు లేచి అన్నం తిను. రేపు నాతోపాటు క్లాసుకు రా, వెనక బెంచీలో కూర్చుందాం.’ కుడివైపు: ‘నీ ముఖానికి ఇంజనీరింగ్ ఒకటా. నాన్న రెండెకరాలు అమ్మింది ఇందుకా.’ ఎడమవైపున్న మాటల్లో మర్నాటికి చేయాల్సిన పని ఉంది, తిండి ఉంది, తోడు ఉంది, ఎక్కడ కూర్చోవాలో కూడా ఉంది. కుడివైపు రెండు వాక్యాల్లో చేయడానికి ఏమీ లేదు. వీటిలో ఏది చదివిస్తుందో తల్లిదండ్రులే చెప్పాలి.

‘మనం దెబ్బలు తిని ఇంజనీర్లం కాలేదా?’

అయ్యాం. కానివాళ్ళు ఈ గ్రూపుల్లో లేరు. మన పదో తరగతి ఫొటోలో ఉండి, ఇంటర్మీడియట్ తర్వాత ఎక్కడికి పోయారో తెలియని ముఖాలను ఒకసారి లెక్కపెట్టుకుంటే ఈ వాదన బలం ఎంతో తేలుతుంది.

‘జబ్బుంటే మాత్ర, లేకపోతే బద్ధకం, మధ్యలో ఏమీ లేదు.’

సందేశంలో అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యం ఇది. డిప్రెషన్ స్విచ్చు వేసినట్టు రాదు. ప్రపంచమంతా వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఉంది. గత రెండు వారాల్లో ఎలా ఉన్నారో తొమ్మిది ప్రశ్నలు అడుగుతుంది. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 5 నుంచి 9 వస్తే తేలికపాటి లక్షణాలు, 10 లేదా అంతకుమించి వస్తే నిపుణులు తప్పక చూడాలి, 20 లేదా అంతకుమించి వస్తే తీవ్రం. దానితోనే జబ్బును నిర్ధారించరు, ఎవరిని పిలిచి మాట్లాడాలో తెలుసుకోవడానికి వాడతారు. మీరు లేదంటున్న ఆ ‘మధ్య’ అంటే 5కీ 10కీ నడుమనా, 10కి కాస్త అటూ ఇటూ ఉన్న పిల్లలు. క్లాసుకు వస్తారు, నవ్వుతారు, రీల్స్ చూస్తారు. రాత్రి నిద్ర పట్టదు. ముప్పు అంచున ఉన్నవాళ్ళు వీళ్ళే.

ఆ ప్రశ్నావళిలో ఆరోది చూడండి. మీ గురించి మీకే చెడ్డగా అనిపించిందా, ఓడిపోయాననో, మీకో కుటుంబానికో తలవంపులు తెచ్చాననో అనిపించిందా అని అడుగుతుంది. పైకి రావడానికి మీరు మందుగా చెబుతున్నదాన్నే వైద్యులు లక్షణంగా లెక్కిస్తున్నారు. పొలం అమ్మి, విద్యారుణం తీసుకుని పంపిన ఇళ్ళ పిల్లలు ఈ ప్రశ్న దగ్గర పెన్ను ఆపడం నేను చూశాను.

మాత్రల విషయం కూడా సందేశం చెప్పినంత సులువు కాదు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో, తీవ్రత తక్కువగా ఉన్న డిప్రెషన్‌కు రోగి కోరుకుంటే తప్ప మొదటి చికిత్సగా మందులు ఇవ్వవద్దని, మాటలతో చేసే చికిత్సలూ బృంద అభ్యాసాలూ ముందు చూడమని ఉంది. ఇక తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో అనిపించిందా అన్నది. దానికి సున్నా కాక వేరే ఏ జవాబు వచ్చినా మొత్తం ఎంతైనా సరే ఆ రోజే మాట్లాడాలి. అక్కడ కాగితం మధ్యలో గీత గీసుకుంటూ కూర్చోకూడదు. రోజంతా పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416. దీన్ని 2022 అక్టోబరులో ప్రారంభించారు, జాతీయ స్థాయిలో నడిపించేది మన బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్సే. తెలుగులో మాట్లాడవచ్చు.

‘ఇదంతా అమెరికా సరుకు.’

నెఫ్ తన భావనకు ఆధారం బౌద్ధమని తానే రాశారు. అమరావతి, నాగార్జునకొండ ఉన్న నేల మీద పుట్టి కరుణను దిగుమతి సరుకు అంటుంటే నవ్వు వస్తుంది.

‘మా బంధువుల అబ్బాయి ఇంకా ఎక్కువ ఏడ్చాడు.’

ఏడ్చి ఉండవచ్చు. దీన్ని నేను కొట్టిపారేయను. ఎప్పుడూ దయ ఎరగని మనసుకు మొదటిసారి దయ తగిలితే పాత గాయాలు పైకి వస్తాయి. తనను తాను ఎక్కువగా నిందించుకునేవాళ్ళకు కరుణ అంటేనే భయం ఉంటుందని గిల్బర్ట్ బృందం పరిశోధన చేసి రాసింది. అందుకే దీన్ని తర్ఫీదు ఉన్నవారి దగ్గర, మెల్లగా నేర్చుకోవాలి. ‘ఏడు రోజుల్లో మిమ్మల్ని మీరు ప్రేమించుకోండి’ అని ఇన్‌స్టాగ్రామ్‌లో రుసుము వసూలు చేసేవాళ్ళ మీద మీకెంత కోపమో నాకూ అంతే.

ఇది సర్వరోగ నివారిణి కూడా కాదు. 2014లో నెదర్లాండ్స్ పరిశోధకులు నెఫ్‌తో కలిసి 52 మంది విద్యార్థినులపై ఒక అధ్యయనం ప్రచురించారు. సగం మందికి మూడుసార్లు స్వీయ కరుణ తరగతులు, మిగతా సగానికి మూడుసార్లు సమయపాలన తరగతులు. మొదటి గుంపులో జరిగిపోయినదాన్నే తవ్వుకోవడం తగ్గింది, చేయగలనన్న నమ్మకం పెరిగింది. కానీ ఆందోళనలో, రోజువారీ మనఃస్థితిలో రెండు గుంపులకూ తేడా కనబడలేదు. మూడు తరగతులకు అంతే వస్తుంది. 2019లో ఫెరారీ అనే పరిశోధకురాలి బృందం 27 ప్రయోగాలను కలిపి లెక్కగట్టినప్పుడు తవ్వుకోవడం మీద ప్రభావం పెద్దదిగా, డిప్రెషన్ లక్షణాల మీద మధ్యస్థంగా తేలింది. మధ్యస్థం అంటే చిన్నచూపు చూడనక్కరలేదు, కళ్ళకద్దుకోనూ అక్కరలేదు. నా మటుకు నేను ఆ తవ్వుకోవడం తగ్గడాన్నే పెద్ద లాభంగా లెక్కేస్తాను. గోడవైపు తిరిగి పడుకున్న అబ్బాయి చేస్తున్నది అదే కాబట్టి.

‘రికార్డులో పడితే ప్లేస్‌మెంట్ పోతుంది.’

పిల్లల్ని ఆపుతున్నది ఎక్కువగా ఈ భయమే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ ప్రకారం తన మానసిక ఆరోగ్యం, చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ప్రతి వ్యక్తికీ ఉంది. ప్రాణాపాయం, ఇతరులకు హాని వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. కంపెనీకి వెళ్ళే మార్కుల జాబితాలో కౌన్సెలర్‌ను కలిసిన రోజులు ఉండవు, నేను సంతకం పెట్టే మెంటర్ పుస్తకంలో కూడా అవి రాయం. కౌన్సెలర్ ఉండడం కాలేజీ దయాదాక్షిణ్యం కూడా కాదు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ మరణించిన 17 ఏళ్ళ అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన తీర్పు ప్రకారం, వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి. కాలేజీలో ఎవరూ చూడకూడదనుకుంటే బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ వారి శ్రేయస్సు కేంద్రం ఉంది, పెద్దాసుపత్రి గేటు దాటనక్కరలేదు.

గోప్యతకు నిజంగా ముప్పు ఉన్నది ఇంకో చోట. మా కాలేజీలో కౌన్సెలర్ గది ప్లేస్‌మెంట్ ఆఫీసు పక్కనే ఉంది. ఆ వరండాలో చివరి సంవత్సరం పిల్లలు పొద్దున్నుంచీ టైలు కట్టుకుని నిలబడి ఉంటారు, ఎవరు ఆ తలుపు తట్టినా అందరి కళ్ళూ అటే తిరుగుతాయి. గదిని గ్రంథాలయం వెనక ఖాళీగా ఉన్న చోటికి మార్చమని అధ్యాపకులం అడుగుతూనే ఉన్నాం. ఫీజు కట్టడానికి వచ్చినప్పుడు తల్లిదండ్రులు కూడా అడిగితే ఆ పని త్వరగా అవుతుంది.