ఆడంగి గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ 'ఆడంగి' అనే తిట్టు గారికి,

గుంటూరు బ్రాడీపేట నుంచి మీ పాత బాధితుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని నిన్న మా సందులో క్రికెట్ ఆడే పిల్లల నోట విన్నాను.

మన పరిచయం నా ఏడో తరగతిలో. ధనుర్మాసంలో అక్కతో కలిసి వాకిట్లో ముగ్గేస్తుంటే, సైకిల్ మీద పోతున్న డ్రిల్లు మాస్టారు చూశారు. మర్నాడు గ్రౌండులో అందరి ముందూ మిమ్మల్ని నాకు తగిలించారు. 21 చుక్కల ముగ్గండీ, ఒక్క గీతా తప్పలేదు. అదెవరూ అడగలేదు.

తర్వాత మీ పుట్టుపూర్వోత్తరాలు తీశాను. పెద్ద తవ్వకమేం అక్కర్లేదు, మీ పేరులోనే 'ఆడ' ఉంది. "ఆడంగులంతా పేరంటానికెళ్ళారు" అనేది మా అమ్మమ్మ. అంటే బహువచనంలో మీరు పసుపు రాసుకుని వాయనం పుచ్చుకునే పెద్దమనుషులు. ఏకవచనంలోకి వచ్చి మగపిల్లాడి మీద పడితేనే తిట్టు! ఇంగ్లీషులో మీ చుట్టం సిస్సీ గారిదీ ఇదే కథ. ఆయన 'సిస్టర్' కడుపున పుట్టి, అక్కచెల్లెళ్ళ పేరుతోనే పిల్లల్ని ఏడిపిస్తాడు.

మీ ఎదురింటి 'మగరాయుడు'ని చూడండి. అమ్మాయి బుల్లెట్ నడిపితే "మాది మగరాయుడండీ" అని వాళ్ళ నాన్న మురిసిపోతూ చెబుతాడు. కొడుకు గోంగూర పచ్చడి నూరితే మాత్రం మిమ్మల్ని పిలుస్తాడు. అక్కడ ప్రమోషన్, ఇక్కడ డిమోషన్. జీతం ఎవరిస్తున్నారో గానీ డ్యూటీ బాగా చేస్తున్నారు.

మీకు కాస్త మతిమరుపు కూడా ఉన్నట్టుంది. మన బాపట్ల స్థానం నరసింహారావు గారు చీర కట్టి సత్యభామగా స్టేజీ ఎక్కితే జనం విరగబడి చూశారు, 1956లో పద్మశ్రీ ఇచ్చారు. అప్పుడెక్కడికెళ్ళారు తమరు? పోనీ విరాటపర్వం. అంతఃపురంలో ఆడవాళ్ళ మధ్య మీసం మెలేసిన ఉత్తరకుమారుడు కౌరవసేనను చూడగానే రథం దూకి పరుగు. పట్టి తెచ్చింది బృహన్నల. మీరేమో పారిపోయినవాణ్ణి వదిలేసి, నాట్యం నేర్పినవాళ్ళ వెంట పడతారు.

మా ఇంట్లోనూ ఒక ఉత్తరకుమారుడున్నాడు. "వీడికి గాజులు తొడిగించక్కా" అని మా అమ్మతో అనే మేనమామ. పోయిన నెల షుగర్ టెస్టుకి నేనే తీసుకెళ్ళాను. సూది కనపడగానే కళ్ళు మూసుకుని, "కాస్త చెయ్యి పట్టుకోరా" అన్నాడు. పట్టుకున్నాను. ఆ క్షణంలో మీరు నా నాలుక చివరిదాకా వచ్చారు, ఒట్టు. మింగేశాను.

శుక్రవారం మా ఇంట్లో పేరంటం ఉంది. బహువచనంలో వచ్చేటట్టయితే దయచేయండి, శనగలు నానబెడుతున్నాను.

ఇట్లు,
నాలుగో లైను ముగ్గులవాడు