సంక్రాంతికి ఊళ్లో పది రోజులు, బెంగళూరు బడిలో ఒక్క రోజు

ఆంధ్రలో బళ్లకు సంక్రాంతి సెలవులు ఒక్కోసారి పది రోజుల దాకా వస్తాయి. తెలంగాణలో సుమారు వారం. కర్ణాటకలో మాత్రం పండగ నాడు ఒక్కరోజే. ఇది తెలిసి కూడా బెంగళూరులోని మన తెలుగు ఇళ్లలో ఏటా అదే వరస. భోగికి రెండు రోజుల ముందే బస్సెక్కుతాం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ఆగుతాం. ఎలాగూ ఆగాం కదా అని ఆదివారం దాకా ఉంటాం. చూస్తే పిల్లలకు అయిదారు రోజుల బడి పోయి ఉంటుంది.

పండగొక్కటే అయితే ఇంత రాయక్కర్లేదు. కర్ణాటక రాష్ట్ర సిలబస్ బళ్లు మే నెలాఖరుకో జూన్ మొదటికో తెరుస్తారు. మన రెండు రాష్ట్రాల్లో జూన్ 12 ప్రాంతానికి గానీ తెరవరు. అమ్మమ్మ ఊళ్లో పెదనాన్న పిల్లలు ఇంకా మామిడితోటలో తిరుగుతుంటే మనవాడిని ఒక్కణ్ణే లాక్కురావడానికి ఎవరికీ మనసొప్పదు. "ఇంకో వారం ఉంచండి, బడెక్కడికీ పోదు" అంటారు తాతగారు. బడి ఎక్కడికీ పోదు, నిజమే. కానీ ఆ మొదటి వారంలోనే ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో, ఏ నోటుబుక్కుకు ఏ అట్ట వేయాలో, బస్సు ఏ మలుపులో ఆగుతుందో అన్నీ తేలిపోతాయి. ఆలస్యంగా వచ్చిన పిల్లవాడు నెల రోజులు ఆ తరగతికి కొత్తవాడే.

లెక్క వేసి చూడండి. జూన్‌లో 7, సంక్రాంతికి 6, ఊరి ప్రయాణాల తర్వాత మానేసిన సోమవారాలు 5, ఒక పెళ్లికి 4. మొత్తం 22. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏడాదికి 220 పనిదినాలు ఉండాలంటుంది. అందులో పదో వంతు పోయింది, ఇంకా ఒక్క జ్వరమైనా రాలేదు! "సీబీఎస్ఈకి 75 శాతం హాజరు చాలు కదా" అనేవాళ్లున్నారు. ఆ 75 శాతం పది, పన్నెండు తరగతుల వాళ్లు బోర్డు పరీక్ష రాయడానికి పెట్టిన కనీస హద్దు. దాన్ని మూడో తరగతి పిల్లవాడి సెలవుల కోటాగా లెక్కేసుకోవడం మన తెలివి. అదీకాక పన్నెండో తరగతి సీబీఎస్ఈ ప్రాక్టికల్స్ మొదలయ్యేదీ, ఎస్ఎస్ఎల్సీ (కర్ణాటక పదో తరగతి) వాళ్లకు ప్రిపరేటరీ పరీక్షల హడావుడి ఉండేదీ జనవరిలోనే.

మన పిల్లలకు ఇంకో చిక్కుంది, కన్నడం. 2015లో వచ్చిన కన్నడ భాషా అభ్యసన చట్టం ప్రకారం ఇక్కడి బళ్లలో కన్నడం మొదటి భాషగానో రెండో భాషగానో చదవాలి. లెక్కల పాఠం పోతే నాన్న చెబుతాడు, సైన్సు పోతే అమ్మ చెబుతుంది. కన్నడ పాఠం పోతే ఇంట్లో చెప్పే దిక్కు లేదు. లిపి మనకు చుట్టమే కాబట్టి కూడబలుక్కుని చదివేస్తాం. విభక్తుల దగ్గరికి వచ్చేసరికి అందరం చేతులెత్తేస్తాం.

ఊరికి వెళ్లొద్దని ఎవరూ అనడం లేదు. ఎప్పుడు వెళ్లాలన్నదే మాట. దసరాకు మూడు రాష్ట్రాల్లోనూ సెలవులుంటాయి, పెదనాన్న పిల్లలూ ఖాళీగానే ఉంటారు. పెద్ద ప్రయాణం అప్పుడు పెట్టుకోవాలి. సంక్రాంతి గురువారం పడితే శుక్రవారం ఒక్కరోజు సెలవు పెట్టండి. శనివారం బడి లేనివాళ్లకు నాలుగు రోజులు కలిసొస్తాయి. జూన్‌లో బడి క్యాలెండర్ చేతికి రాగానే దాన్ని తెలుగు పంచాంగం పక్కనే గోడకు తగిలించండి. 2024 నవంబరు నుంచి రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు. అంటే సంక్రాంతి టికెట్లకు నవంబరు మధ్యలో పొద్దున్నే కూర్చోవాలి. వెళ్లే టికెట్టు కన్నా తిరుగు టికెట్టు మీద ముందు కన్నేయండి. ఆదివారం రాత్రి రైళ్లే అన్నిటికన్నా ముందు నిండుతాయి. అది దొరక్కపోతే మనవాళ్లు సోమవారం రాత్రికి జరుపుతారు. జరపాల్సింది శనివారం రాత్రికి. అనంతపురం, చిత్తూరు, తిరుపతి వాళ్లయితే ఆదివారం మధ్యాహ్నం భోంచేసి బయల్దేరినా చాలు. సోమవారం తెల్లారి కేఆర్ పురంలో దిగి, ముఖం కడిగి, యూనిఫాం తొడిగి పంపిస్తే పిల్లవాడు బడికి వెళ్లినట్టు హాజరు పట్టీలో మాత్రమే ఉంటుంది.

ఊరి సంగతి అలా ఉంచితే, రోజూ జరిగే పది నిమిషాల ఆలస్యం ఇంకోటి. 220 రోజులకు అది 2,200 నిమిషాలు, నలభై నిమిషాల పీరియడ్లు 55. పొద్దున బద్ధకం అని పిల్లల్ని తిడతాం గానీ ఆ ఆలస్యం వండేది రాత్రి మనమే. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. బస్సు 6:50కి అయితే 5:50కి లేవాలి, రాత్రి 8:50కల్లా కళ్లు మూతపడాలి. అమెరికా కాల్ ముగించుకుని నాన్న తొమ్మిదిన్నరకు భోజనానికి వస్తే, నాన్న కోసం పిల్లలు కూర్చుంటే, ఈ లెక్క ఎక్కడ కుదురుతుంది? పిల్లలకు ఏడున్నరకే పెట్టేయాలి. నాన్నతో కబుర్లు పొద్దున బస్‌స్టాపు దాకా నడుస్తూ చెప్పుకోవచ్చు. సెలవుల్లో చెడిన నిద్ర ఒక్క రాత్రిలో దారికి రాదు. బడి తెరిచే ముందు పది రోజుల నుంచి, మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరపాలి.

వంటింట్లో ఒక మాట. డిసెంబరు, జనవరి చలిలో రాత్రి తొమ్మిదికి రుబ్బిన పిండి తెల్లారేసరికి పొంగదు. అప్పటికప్పుడు ఉప్మాకు దిగితే పావుగంట అక్కడే పోతుంది. ఆ నెలల్లో సాయంత్రం అయిదుకల్లా రుబ్బి, గిన్నెను గోరువెచ్చని నీళ్ల బేసినులో పెట్టి మూత వేయండి. వానాకాలం సాక్సులు ఆరవు, మూడు జతలు లేకుండా జూన్‌లోకి అడుగు పెట్టొద్దు. డైరీలో సంతకం, ఐడీ కార్డు, బూట్లు రాత్రే తలుపు దగ్గరికి చేరాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా సోమవారాలే కడుపునొప్పి వస్తుంటే అది వేరే సంగతి. 100.4 ఫారెన్‌హీట్ జ్వరం ఉంటే ఇంట్లోనే ఉంచాలి. జ్వరం లేకుండా నాలుగైదు సార్లు అలాగే జరిగితే ఏ తేదీ, ఆ రోజు మొదటి పీరియడ్ ఏమిటి, బస్సులో పక్కన ఎవరు అని రాసుకుని క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్లండి. మరుగుదొడ్డి బాగాలేకపోవడం దగ్గర్నుంచి బస్సులో ఏడిపించే పెద్దపిల్లల దాకా ఏదైనా కావచ్చు. ఇంట్లో ఉంచిన రోజు టీవీ పెట్టొద్దు. వారాలు గడిచినా తగ్గకపోతే పిల్లల మానసిక వైద్యులకు చూపించాలి. మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ బెంగళూరులోనే ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

చివరగా మన తెలుగు సంఘం సంగతి. ఉగాది వేడుక ఆదివారం సాయంత్రం అయిదుకని కార్డు వేస్తాం, ఆరున్నరకు జ్యోతి వెలిగిస్తాం. పిల్లల నాట్యాలు అయ్యేసరికి రాత్రి పది. ముఖాన రంగు కడిగి పడుకోబెట్టేసరికి పదకొండున్నర. మర్నాడు సోమవారం. వచ్చే ఏడు వేడుక శనివారం పెట్టాలి. హాలు దొరక్క ఆదివారమే తప్పకపోతే పిల్లల అంశాలు నాలుగుకే మొదలుపెట్టి ఏడుకల్లా ముగించి, భోజనాలు పెట్టి పంపించేయాలి. ప్రసంగాలు, సన్మానాలు ఆ తర్వాత. శాలువా రాత్రి తొమ్మిదిన్నరకు కప్పినా అంతే వెచ్చగా ఉంటుంది.