సవరణ: కబ్ స్కౌట్స్ 1907లో మొదలవలేదు

నిన్నటి పోస్టులో చిన్నపిల్లల స్కౌటింగ్, అంటే కబ్ స్కౌట్స్, 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవి క్యాంపుతోనే మొదలైందని రాశాను, అది తప్పు, క్షమించండి. ఆ క్యాంపు స్కౌటింగ్‌ను మొదలుపెట్టిన బేడెన్ పవెల్ పెద్ద అబ్బాయిల కోసం పెట్టింది. అన్నలు స్కౌట్లలో చేరుతుంటే తమ్ముళ్లు మేమూ వస్తామని వెంటపడ్డారు. పెద్దవాళ్ల నడకలూ క్యాంపులూ ఎనిమిదేళ్ల వాడికి భారం, అలాగని పొమ్మనలేరు కదా! అందుకే 1914లో ఒక పథకం అనుకుని, 1916లో 'వుల్ఫ్ కబ్స్' (తోడేలు పిల్లలు) పేరుతో ఇంగ్లండ్‌లో వేరే విభాగమే మొదలుపెట్టారు. దాన్ని తీర్చిదిద్దడంలో వెరా బార్క్లే అనే ఆవిడ చేయి చాలా ఉంది, ఆమె పేరు నేను అసలు రాయకపోవడం ఇంకా పెద్ద పొరపాటు.

ఇంకొకటి. కబ్ సెల్యూట్‌లో పైకెత్తే రెండు వేళ్లు విజయానికి గుర్తు అన్నాను. కాదు, అవి చెవులు రిక్కించిన తోడేలు పిల్ల చెవులు. కిప్లింగ్ 'జంగిల్ బుక్' కథల నుంచి తీసుకున్నదే ఇదంతా, గుంపు నాయకుణ్ణి అకేలా అనడం కూడా.

కబ్ స్కౌటింగ్ సైనిక శిక్షణకు తొలిమెట్టు అన్న నా మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. ఆ వయసు పిల్లలు అక్కడ చేసేది ఆటలు, కథలు, ముడులు వేయడం, ఇంట్లో ఏదో ఒక సాయం. వాళ్లు ఇచ్చే మాట కూడా 'నా శాయశక్తులా ప్రయత్నిస్తాను' అనే. మన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఈ వయసు అబ్బాయిలు కబ్స్, అమ్మాయిలు బుల్‌బుల్స్. పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా షేర్ చేయండి.