నిద్ర పట్టడం లేదంటే మీటరు కూడా చూడాలి

ఐర్లాండ్‌లో ట్రావెలర్లంటే విహారయాత్రలు చేసేవాళ్లు కారు. తరతరాలుగా బళ్లలో, చక్రాల ఇళ్లయిన ట్రైలర్లలో ఊరూరా తిరిగి బతికిన జాతి. తమ భాషలో ‘మింకేరి’. 2022 జనగణనలో 32,949 మంది లెక్క తేలారు. ప్రత్యేక జాతిగా వారికి గుర్తింపు దక్కింది 2017 మార్చి 1న. అంతకు ఏడేళ్ల ముందే, 2010లో వచ్చిన అఖిల ఐర్లాండ్ ట్రావెలర్ ఆరోగ్య అధ్యయనం, వీరిలో ఆత్మహత్యల రేటు మిగతా జనం కంటే ఆరు రెట్లు ఎక్కువని చెప్పింది. వివక్ష, అయినవాళ్ల అకాల మరణాలు, బడిలో అవమానాలు... కారణాలు చాలానే ఉన్నాయి. వైద్యుడి ముందు వీటి గురించి ఎంతో కొంత మాట్లాడతారు. అప్పు సంగతి మాత్రం అంత తేలిగ్గా నోరు దాటదు.

మగవాళ్లకైతే అది మరీ కష్టం. తగరపు గిన్నెలకు మాట్లు వేయడం, గుర్రాల బేరం, పాత ఇనుము: ఇంటి మగవాడి పరువు ఈ పనుల్లోనే ఉండేది. ప్లాస్టిక్ బకెట్లొచ్చి తగరం పని మూలపడింది. 1996 చట్టంతో గుర్రాల పెంపకానికి ఆంక్షలొచ్చాయి. 2002 చట్టం అనుమతి లేనిచోట ట్రైలర్ నిలపడాన్నే నేరం చేసింది. 2022 లెక్కల్లో ట్రావెలర్ల నిరుద్యోగం 61 శాతం, దేశం మొత్తమ్మీద 8 శాతం. సంపాదన లేదని ఒప్పుకోవడమంటే, ఇక్కడ మగతనమే పోయిందని ఒప్పుకున్నట్టు.

ఇక రోజువారీ నరకం కరెంటు మీటరు దగ్గర మొదలవుతుంది. ట్రైలర్ గోడలు పలచన, వేడి నిలవదు. గ్యాస్ సిలిండరో కరెంటు హీటరో ఆగకుండా నడవాలి. ఇళ్లకిచ్చే ఇంధన పొదుపు గ్రాంట్లు ట్రైలర్లకు వర్తించవు, చట్టం కళ్లకు అది ఇల్లు కాదు కాబట్టి. ముందుగా డబ్బు కట్టే మీటరులో సొమ్ము అయిపోతే కొంత అత్యవసర అరువిస్తారు. తర్వాత 20 యూరోలు వేశారనుకోండి. అరువు కింద 10, పాత బాకీ కింద 5 ముందే కోసుకుంటే కరెంటుకు మిగిలేది 5. రేపటికి మళ్లీ ఖాళీ. అర్ధరాత్రి లేచి మీటరు అంకె చూసుకునే మనిషికి నిద్రమాత్ర ఏం చేస్తుంది?

పెళ్లి, పిల్లల తొలి కమ్యూనియన్ (చర్చిలో జరిగే వేడుక), చావు: ఈ మూడింటికీ చేతిలో డబ్బు లేదని ఆగడం కుదరదు. పైగా అంత్యక్రియలకు ప్రభుత్వమిచ్చే 850 యూరోల గ్రాంటు 2014లో రద్దయింది. అప్పుడే గడప తొక్కుతాడు వారం వడ్డీవాడు. మన గిరిగిరి ఫైనాన్సు చూసినవాళ్లకు ఈ తీరు కొత్తేం కాదు. 2022 చట్టం లైసెన్సున్నవారి వడ్డీని వారానికి 1 శాతానికి, ఏడాదికి 48కి కట్టడి చేసింది. అయినా 500 యూరోలు 26 వారాలకు తీసుకుంటే వడ్డీ 130 వరకు పోతుంది. అదే రుణం క్రెడిట్ యూనియన్ (సభ్యుల పొదుపు సహకార సంఘం) సూక్ష్మరుణ పథకంలో 12.68 శాతానికి తీసుకుంటే దాదాపు 16. తేడా తెలిసీ ఎందుకు వెళ్లరంటే, అక్కడ గుర్తింపు కార్డు, చిరునామా రుజువు, నింపాల్సిన ఫారాలు కావాలి. రోడ్డు పక్కన ఉండేవాడికి చిరునామా ఏది? చదువు రానివాడికి ఫారం ఎవరు నింపుతారు? వడ్డీవాడు ఇవేవీ అడగడు. లైసెన్సు లేనివాడైతే బెదిరింపులు కూడా. అది నేరమే, కానీ ఫిర్యాదు చేస్తే వచ్చే నెల అప్పు పుట్టదు.

అందుకే కౌన్సెలింగ్ ఒక్కటే పెడితే సగం పనే. మొదటి కలయికలోనే డబ్బు ఏ రోజు వస్తుంది, ఏ రోజుకి అయిపోతుందని అడగాలి. బాకీలన్నీ ఒక కాగితం మీద పెట్టి, ముందు కరెంటు, గ్యాస్, ట్రైలర్ నిలిపే సైటు అద్దె, ఆ తర్వాతే మిగతావి అని విడదీయాలి. గట్టిగా అడుగుతున్నాడని వడ్డీవాడికి ముందు కట్టేయడమే అందరూ చేసే తప్పు. చలికాలంలో కరెంటు పోతే ఆ గట్టిమనిషి వచ్చి వెలిగించడు. ట్రావెలర్లకు డబ్బు, అప్పుల విషయంలో తోడ్పడే నేషనల్ ట్రావెలర్ మ్యాబ్స్ సంస్థ ఈ పనికోసమే ఉంది. సంక్షేమ భత్యం నుంచి వారం వారం నేరుగా కోత పడే పోస్టాఫీసు ఏర్పాటు ద్వారా సూక్ష్మరుణం తీర్చుకోవచ్చు. వాయిదా చేతికి రాదు, దారి తప్పదు.

1994 నుంచి పేవీ పాయింట్ అనే ట్రావెలర్ల హక్కుల సంస్థ ట్రావెలర్ మహిళలనే ఆరోగ్య కార్యకర్తలుగా తర్ఫీదు చేస్తోంది. తమవాళ్ల ట్రైలర్లోకి వెళ్లి కూర్చోగలిగేది, కోపం తెప్పించకుండా అప్పు మాట ఎత్తగలిగేది వాళ్లే. నిద్ర, ఆకలి గురించి వాళ్లు అడిగే ప్రశ్నల పక్కన ఇంకొకటి రాసుకుంటే చాలు: మీటరులో ఇప్పుడు ఎంతుంది?