గట్టు తగాదా, వర్జీనియా ఎడిషన్

మనూళ్ళో గట్టు తగాదా ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పక్క చేనువాడు రాత్రికి రాత్రి గట్టు జానెడు ఇటు జరిపేస్తాడు, పొద్దున్నే మనవాడు పార భుజానేసుకుని బయల్దేరతాడు, మధ్యాహ్నానికి పెద్దమనుషులు రావిచెట్టు కింద చేరతారు. ఆ గొడవలన్నీ వద్దనుకుని చదువుకుని, వీసా స్టాంపింగ్ చేయించుకుని, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో అప్పు చేసి ఇల్లు కొనుక్కున్న మేము ఇప్పుడు అదే గట్టు మీద, మా తాతల కంటే గట్టిగానే కొట్టుకుంటున్నాం. కాకపోతే చేతిలో పార లేదు, పీడీఎఫ్ మ్యాప్ ఉంది.

అసలు సంగతేంటంటే ఈ కౌంటీ స్కూళ్ళలో ఇంచుమించు 1,80,000 మంది పిల్లలు. ఎవరి ఇల్లు ఏ గీత లోపల పడితే వాళ్ళ పిల్లలు ఆ స్కూలుకి. కొన్ని స్కూళ్ళు కిక్కిరిసిపోయాయి, కొన్నిట్లో గదులు ఖాళీ, అందుకని 2024లో స్కూల్ బోర్డు పాలసీ మార్చి కౌంటీ మొత్తం గీతలు ఒకేసారి తిరగేద్దాం, ఇకమీదట ఐదేళ్ళకోసారి చూసుకుందాం అంది. వినడానికి సబబుగానే ఉంది కదా, మాకూ అలాగే అనిపించింది, మా వీధి రంగు మారనంతవరకు. డ్రాఫ్ట్ మ్యాప్‌లో రోడ్డుకి ఇటువైపు ఒక మిడిల్ స్కూల్, అటువైపు ఇంకోటి. నిన్నటిదాకా దీపావళికి అరిసెలు ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ళు, ఇవాళ ఎదురింటావిడ కనపడితే మా ఆవిడ రీసైక్లింగ్ డబ్బా సర్దుకుంటున్నట్టు నటిస్తోంది.

మా నాన్నగారు విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు, ఇంట్లో తోచట్లేదంటే మీటింగ్‌కి తీసుకెళ్ళా. స్కూల్ క్యాఫెటేరియాలో, చిన్నపిల్లల బల్లల మధ్య మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. స్క్రీన్ మీద ‘అటెండెన్స్ ఐలాండ్’ అని వచ్చింది. అంటే ఒక స్కూల్ ఏరియా నుంచి తెగిపోయి ఇంకో స్కూల్ ఏరియా మధ్యలో చిక్కుకున్న ముక్కన్నమాట. ‘‘ఐలాండ్ ఏంట్రా, ఇక్కడ నీళ్ళేవీ?’’ అన్నారు నాన్న. ఊరుకోండి నాన్నా అన్నా. తర్వాత ‘గ్రాండ్‌ఫాదరింగ్’ అన్నారు, ఇప్పటికే ఆ స్కూల్లో చదువుతున్నవాళ్ళని కదపకుండా అక్కడే ఉంచేయడం, కానీ నాన్నకి వినపడింది ఒక్క గ్రాండ్‌ఫాదరే. కండువా సర్దుకుని లేచారు. ‘‘తాతల్ని కూడా అడుగుతున్నారంటే మర్యాదస్తులేరా, మైకు ఇటిప్పించు.’’

సరే ఇదంతా మామూలు పిల్లల సంగతి. మన పిల్లలు మామూలు పిల్లలు కాదు కదా. నేను ఇక్కడికొచ్చిన ఇన్నేళ్ళలో మామూలు తెలుగు పిల్లాడు ఒక్కడు కూడా ఎదురవలేదు, అందరూ అడ్వాన్స్‌డే. ఒకటో క్లాసులో ఎన్‌నాట్, రెండో క్లాసులో కాగాట్ అనే పరీక్షలు, టీచర్ ఇచ్చే రేటింగు, వర్క్ శాంపిల్స్ అంటే పిల్లలు సొంతంగా చేసిన పని నమూనాలు, అన్నీ కలిపి కమిటీ చూసి లెవెల్ ఫోర్ అని తేలిస్తే మూడో క్లాసు నుంచి ఏఏపీ, అంటే అడ్వాన్స్‌డ్ పిల్లల ప్రోగ్రామ్, నడిచే సెంటర్ స్కూల్‌కి వెళ్ళొచ్చు, ఎనిమిది దాకా. రాకపోతే అప్పీలు, అప్పీలుకి ప్రైవేట్ సైకాలజిస్ట్ దగ్గర ఐక్యూ టెస్ట్. ఏడేళ్ళ పిల్లాడికి ఐక్యూ టెస్ట్‌కి ముందు రోజు రాత్రి పెరుగన్నం పెట్టాలా, నిద్రొస్తుందేమో చపాతీ పెట్టాలా అని మా వాట్సాప్ గ్రూపులో 43 మెసేజులు నడిచాయి. పెరుగన్నం ఓడిపోయింది.

ఇక్కడే అసలు కథ. సెంటర్‌కి వెళ్తే గొప్ప, ఇంటి దగ్గర బేస్ స్కూల్‌కి వెళ్తే అయ్యో పాపం, ఇదీ మా శాస్త్రం. మా కమ్యూనిటీలో ఒకాయన ఉన్నాడు, పేరెందుకు లెండి, బేస్ స్కూల్లో ‘పీర్ గ్రూప్’, అంటే తన పిల్లాడి స్థాయి పిల్లలు, లేదని ఆరేళ్ళు ఉపన్యాసాలిచ్చాడు. పిల్లాడికి 45 నిమిషాల బస్సు, అయినా సరే సెంటరే. అలాంటాయన ఈమధ్య ఉన్నట్టుండి, పిల్లలు తమ ఇరుగుపొరుగుతో పెరగాలండీ, వేళ్ళు అనేవి ఉండాలండీ అని మొదలెట్టాడు. నేను నిజంగానే జ్ఞానోదయం అనుకున్నా. తీరా చూస్తే లెక్క వేరే ఉంది.

థామస్ జెఫర్సన్ హైస్కూల్, మేం టీజే అంటాం, సైన్సు, టెక్నాలజీ కోసం పిల్లల్ని ఎంచి తీసుకునే ప్రభుత్వ స్కూలు, మాకు ఐఐటీ కంటే ఎక్కువ. 2020 అక్టోబర్‌లో దాని ఎంట్రన్స్ టెస్ట్ ఎత్తేశారు, డిసెంబర్‌లో కొత్త పద్ధతి పెట్టారు. 550 సీట్లు, ప్రతి పబ్లిక్ మిడిల్ స్కూల్‌కీ దాని ఎనిమిదో క్లాసులో 1.5 శాతం మందికి సరిపడా సీట్లు పక్కన పెడతారు, మిగిలిన వందో ఎంతో అందరికీ పోటీ. ఈ మార్పు మీద గొడవ కోర్టుల దాకా వెళ్ళింది, 2024లో సుప్రీం కోర్టు మేం వినం అనేసింది. ఆ 1.5 శాతం లెక్క పిల్లాడు చదివే స్కూల్ బట్టి, ఇల్లున్న చోటు బట్టి కాదు. అంటే ఎనిమిదో క్లాసులో 400 మంది ఉంటే ఆ స్కూల్‌కి ఆరు సీట్లు. సెంటర్‌లో ఆ ఆరింటి కోసం వందమంది మేధావులు కొట్టుకోవాలి, బేస్ స్కూల్లో అయితే మనవాడొక్కడే చెట్టు లేని ఊళ్ళో ఆముదం మొక్క. ఆయనకి దొరికిన వేళ్ళు ఆ ఆముదం మొక్కవి!

ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు లేదు, ఎందుకంటే అదే రోజు రాత్రి నేను కూడా కాలిక్యులేటర్ తీశా.

తెలివైన పిల్లల్ని వేరు చేసి చదివించాలా, అందరితో కలిపి చదివించాలా అనేది మనకేం కొత్త కాదు. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం పెట్టినప్పుడు పీవీ గారి ఆలోచన కూడా ఊళ్ళలో చురుకైన పిల్లల్ని ఒకచోట చేర్చి చదివిద్దామనే. కాకపోతే ఆ పిల్లలకి ఊళ్ళో వేరే దారి లేదు. మా పిల్లలకి సెంటరూ బాగానే ఉంటుంది, బేసూ బాగానే ఉంటుంది, రెండిట్లోనూ ఆల్జీబ్రా అదే ఆల్జీబ్రా, అందుకే కాబోలు మేం ఇంతగా బెంగ పెట్టుకోగలుగుతున్నాం.

నా వంతుగా బోర్డుకి ఒక ప్రతిపాదన రాశాను. గీత వీధి మధ్యలోంచి కాకుండా ఇంటి మధ్యలోంచి వెయ్యండి. బేస్‌మెంట్ బేస్ స్కూల్‌కి, పేరులోనే ఉంది కాబట్టి. పైఅంతస్తు సెంటర్‌కి. ఏ సంవత్సరం ఏది లాభమో చూసుకుని మేమే మంచం మోసుకుంటాం. ఇల్లమ్మేటప్పుడు మా రియల్టర్ కూడా రెండు స్కూళ్ళూ రాసుకోవచ్చు, ఎందుకంటే నిజం చెప్పాలంటే మీటింగ్‌లో మైకు దగ్గర అందరం మాట్లాడింది పిల్లల గురించే గానీ పార్కింగ్ లాట్‌లో మాట్లాడుకుంది మాత్రం ఇళ్ళ రేట్ల గురించి.

ఎవరూ అడగని మనిషి మా ఆరో క్లాసువాడు. నీకెక్కడికి వెళ్ళాలనుందిరా అంటే, ‘‘ఎక్కడ లంచ్ టైమ్ ఎక్కువ?’’ అన్నాడు. ఆ కాలమ్ నా ఎక్సెల్ షీట్‌లో లేదు.

ఇంకా చాలా రాద్దామనుకున్నా గానీ రాత్రి పదకొండయింది. రెండో క్లాసు చదివే మా చిన్నదాని వర్క్ శాంపిల్ రేపే ఇవ్వాలి, అది తొమ్మిదింటికే పడుకుంది, నాకింకా వెనకవైపు రంగులు వెయ్యడం మిగిలింది, పిల్లలు వేసినట్టు గీత దాటించి మరీ వెయ్యాలి.